వెల్వెట్ మీద రింగు మచ్చ

నా చిన్నప్పుడు, తొంభైలలో, మేము దోహాలో అబూ హమూర్ వైపు ఒక విల్లాలో చిన్న వాటా తీసుకుని ఉండేవాళ్లం. నాన్నది ఆఫీసు ఉద్యోగం. అమ్మ ఇంట్లోనే కుట్టు మిషను మీద ఎంబ్రాయిడరీ చేసేది. ఆమె పనితనం ఆ నోటా ఈ నోటా పాకి, ఖతరీ ఇళ్ల ఆడవాళ్లు కూడా గౌన్ల బట్టలు ఇచ్చి వెళ్లేవారు. పక్క వాటాలో ఉండే అక్క భీమవరం వైపు నుంచి కొత్తగా పెళ్లై వచ్చింది. భర్త డ్యూటీకి వెళ్లగానే మా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర పని నేర్చుకునేది.

ఆ చలికాలంలో ఉమ్ సలాల్ నుంచి ఒక పెద్దావిడ ఆకుపచ్చ వెల్వెట్ తెచ్చింది. కూతురి గోరింటాకు వేడుకకు గౌను. కత్తిరించక ముందే దాని మీద బంగారు రంగు దారంతో తీగలు కుట్టాలి. అలాంటి బట్ట మళ్లీ దొరకదని, జాగ్రత్తని, గుమ్మం దాటేదాకా చెబుతూనే ఉంది. శుక్రవారం సాయంత్రం వచ్చి పని ఎలా సాగుతోందో చూస్తానంది.

ఆ శుక్రవారం అమ్మా నాన్నా ప్రార్థన కూటానికి వెళ్లారు. నాకు ఒళ్లు వెచ్చగా ఉందని అక్కను మా ఇంట్లో నాకు తోడు ఉంచారు. అమ్మ వచ్చేసరికి పని కాస్త ముందుకు జరిపి ఆమెను సంతోషపెట్టాలని అక్క ఆశ. మామూలు బట్టను బిగించినట్టే వెల్వెట్‌ను రెండు చెక్క రింగుల మధ్య పెట్టి, మర తిప్పి గట్టిగా బిగించింది. వదులుగా ఉందనిపించి అంచులు పట్టుకుని ఇంకా లాగింది. పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి దాన్ని అలాగే వదిలి వెళ్లింది. తిరిగొచ్చాక, గీసిన తీగ సరిగ్గా మధ్యకు రాలేదని రింగు విప్పింది. నూగు అణిగిపోయి, వెల్వెట్ మీద పళ్లెం బోర్లించినంత గుండ్రటి మచ్చ కనిపించింది.

అక్క వేళ్లతో రుద్దింది. మచ్చ ఇంకా మెరిసింది. "ప్రభువా, ప్రభువా" అంటూ నేల మీద కూలబడిపోయింది. మా అమ్మ ఇక తనను గుమ్మం తొక్కనివ్వదని ఏడ్చింది. ఏం చేయాలో తెలియక నేను దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చున్నాను.

అమ్మ వచ్చింది. బట్టను చూసింది, అక్కను చూసింది. కేకలు వేస్తుందనుకున్నాను. చేతిలోని బైబిల్ బల్ల మీద పెట్టి, "కెటిల్‌లో నీళ్లు పెట్టమ్మా" అంది, అంతే. వెల్వెట్‌ను తిరగేసి ఆవిరికి కాస్త ఎత్తున పట్టుకుంది. తర్వాత ముందు వైపు నూగును మెత్తటి బ్రష్షుతో మెల్లగా పైకి లేపింది. మచ్చ చాలావరకు పోయింది. కానీ వెలుగు పక్క నుంచి పడితే ఆ గుండ్రం సన్నగా తెలుస్తూనే ఉంది.

ఇంతలో బయట కారు ఆగింది.

"ఆంటీ, మచ్చ లోపలికి పోయేలా మడతపెట్టి చూపిద్దాం" అంది అక్క.

"వద్దమ్మా" అని అమ్మ బట్టను కిటికీ దగ్గరే పరిచింది.

పెద్దావిడ బట్టను చూడగానే మచ్చను పసిగట్టింది. ఆవిడ ముఖం గట్టిపడింది. "మిన్?" అంది, ఎవరు చేశారని. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "అనా" అంది. నేనే అని.

వంటింటి తెర వెనక దాక్కున్న అక్క బయటికి వచ్చింది. "లా మదాం. అనా" అంది, కాదు, నేనే అని.

అప్పుడు అమ్మ మిషను ముందు కుర్చీ లాగి అక్కను కూర్చోమంది. తనకు వచ్చిన కాస్త అరబీలో, హిందీ కలిపి, ఈ పిల్లే ఇప్పుడు మీ ముందు కుడుతుంది, నచ్చకపోతే బట్ట తీసుకెళ్లండి అని పెద్దావిడకు చెప్పింది. అమ్మకేమైనా మతిపోయిందా అనుకున్నాను. పెద్దావిడ మిషను పక్కకు వచ్చి కూర్చుంది.

"రింగు వెల్వెట్‌ను తాకకూడదు. అడుగు గుడ్డకే బిగించు" అంది అమ్మ, అక్క చెవిలో. అక్క గంజిపెట్టిన నూలుగుడ్డను రింగులో డప్పులా బిగించింది. వెల్వెట్‌ను లాగకుండా దాని మీద పరిచి, చుట్టూ కచ్చా కుట్టు వేసింది. సూదిలో దారం ఎక్కడం లేదు. చేతులు అంతగా వణుకుతున్నాయి. అమ్మ చెయ్యి వేయలేదు, పక్కనే నిలబడింది. చివరికి మిషను కదిలింది. ఒక ఆకు, మరో ఆకు, తీగ మలుపు. పెద్దావిడ కళ్లు సూది మీదే ఉన్నాయి.

కుట్టు ఆగింది. అక్క కచ్చా కుట్టు విప్పింది. ముడత లేదు, కొత్త మచ్చా లేదు. పెద్దావిడ తీగ మీద అరచేత్తో నిమిరింది. పాత మచ్చ వైపు చూసి, అది చంక కిందికి వచ్చేలా కత్తిరించమని సైగ చేసింది. "యల్లా", ఇక కానివ్వండి అని లేచి వెళ్లిపోయింది.

అక్క అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. పని మళ్లీ నాకెందుకిచ్చారు ఆంటీ అని అడిగింది. "భయం ఇంకా చేతుల్లో ఉండగానే పని చేసేయాలి. రేపటిదాకా ఆగితే అది గుండెల్లోకి దిగిపోతుంది" అంది అమ్మ.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో కొత్త నర్సులకు పని నేర్పుతున్నాను. మొదటిసారి నరం దొరక్క తప్పుచేసిన పిల్ల నా వైపు చూస్తుంది, ట్రే నేను అందుకుంటానేమోనని. ఆ రోగికి నేనే సూది వేస్తాను. తర్వాతి మంచం దగ్గర మాత్రం ట్రే ఆమె చేతుల్లోనే ఉంచి, పక్కన నిలబడతాను.