మా క్వార్టర్ మగ బొప్పాయి

మొన్న నస్పూర్ నర్సరీలో బొప్పాయి మొక్క కొంటుంటే, "గిది ఒక్కటున్నా కాస్తది, మగ చెట్టు అక్కర్లేదక్కా" అన్నాడు అక్కడి అతను.

మన క్వార్టర్ల లైన్లో పెరిగినవాళ్లకు మా ఇంటి బొప్పాయి గుర్తుందా? పొడుగు కాడలకు తెల్లపూలు గుత్తులుగా వేలాడేవి. సాయంత్రం తీపి వాసన వచ్చేది. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

"మస్టర్ల హాజరు వేయించుకొని బొగ్గుబాయి దిగనోని తీరున్నది," అంటూ గని కార్మికుడైన మా నాన్న ఒక ఆదివారం దాన్ని నరికేశాడు.

గోడ అవతల పక్కింటి రాజవ్వ బొప్పాయి చెట్టుకు నిండా కాయలుండేవి. మేం తిన్నవన్నీ ఆమె ఇచ్చినవే. మా చెట్టు నరికాక ఆమె చెట్టుకు పిందెలు నిలవలేదు, వరుసగా రాలిపోయాయి.

"మీ నాయిన కన్ను వడ్డది," అంది రాజవ్వ. మళ్లీ నాన్నతో మాట్లాడలేదు.

నర్సరీ అతన్ని అడిగి తెలుసుకున్నాను. ఎక్కడో మధ్య అమెరికాలో పుట్టిన చెట్టట. పాత రకాల్లో ఆడ చెట్టుకు మగపూల పుప్పొడి అందితేనే కాయ నిలుస్తుందట.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

"అయితే దాని డ్యూటీ గోడ అవుతల ఉండె," అన్నాడు.

తర్వాత, రాజవ్వ ఇప్పుడు ఎక్కడుంటుందని అడిగాడు.