మైకత్త గొంతు

నూలు మిల్లులో అందరూ ఆమెను మైకత్త అంటారు. ఏళ్ల తరబడి మరల మోత మీద అరిచి అరిచి, ఇంట్లో మంచినీళ్లడిగినా వీధంతా వినబడే గొంతు ఆమెది. జుట్టు నిండా దూది పింజలు. దులుపుకునే అలవాటు ఎప్పుడో పోయింది. గాలికి నూలు తెగుతోందని మేనేజరు మిల్లు కిటికీలన్నీ మూయించిన వారానికి ఆమె అతని గదిలోకి నడిచింది.

"దూది దుమ్ముకి మరల దగ్గర నా కోడలు దగ్గి దగ్గి మంచం పట్టేలా ఉంది బాబూ, కిటికీలు తెరిపించండి!"

"మెల్లగా మాట్లాడమ్మా, చెవులు పగిలిపోతున్నాయి."

"మెల్లగా మాట్లాడటం మీ మరల దగ్గరే మరిచిపోయాను. కిటికీలు తెరిచేదాకా ఇంతే!"

షిఫ్టు దిగి వెళుతున్న ఆడవాళ్లు బయట ఆగిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు లేచి తన గది కిటికీ మూసేశాడు. మైకత్త కొంగు బిగించి, గొంతు ఇంకాస్త పెంచింది.