అమ్మ చెప్పని మొక్కు

బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి సిటీ బస్సు ఆగినప్పుడు నా ఫోన్‌లో రిజల్ట్ తెరుచుకుంది. ఫస్ట్ క్లాస్. పేరు చూసుకున్నాను, హాల్ టికెట్ నంబరు చూసుకున్నాను, మళ్ళీ పేరు చూసుకున్నాను. పక్క సీట్లో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఎవరో నాకు తెలియదు. అయినా ఆగలేక, "నేను డిగ్రీ పాసయ్యానండీ" అనేశాను.

"మంచిదమ్మా. ఏం డిగ్రీ?"

"బీకామండీ. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. ఇంట్లోనే కాదు, మా వాళ్ళందరిలోనూ."

"అమ్మకి చెప్పావా మరి?"

"దిగంగానే చెప్తానండీ."

ఆవిడ సంచీలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. "అమ్మకి సగం పెట్టు" అంది. సరేనన్నాను. అమ్మ నమలలేదని ఆవిడకి చెప్పలేదు.

మాది చేపల పని. నాన్న కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు, వీలైనప్పుడు వచ్చిపోతుంటాడు. అమ్మ తెల్లారకముందే మార్కెట్లో వేలంలో సరుకు పాడుకుని, సిలవరు బేసిన్ నెత్తిన పెట్టుకుని వన్‌టౌన్ సందుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. పోయిన వేసవిలో ఒక గుమ్మం ముందు బేసిన్ దించుతూ అలాగే కూలబడిపోయింది. పక్షవాతమన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. సందు మొదట్లో అరిస్తే చివరింటికి వినపడే గొంతు అమ్మది. అందులో మిగిలింది "ఆ" ఒక్కటే. అన్నం పెట్టనా అంటే ఆ. వద్దా అంటే ఆ.

"అమ్మా, పాసయ్యాను!" అని ఇంట్లోకి వస్తూనే ఆమె చెవి దగ్గర అరిచాను. అమ్మకి చెవులు బాగానే వినపడతాయని ఆ సంబరంలో గుర్తులేదు. అమ్మ నా మొహంలోకి చూసింది. కళ్ళు నిండాయి. "ఆ" అంది. ఆ వెంటనే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది.

బయట కూర్చుంటావా? ఆ. నాన్నకి ఫోన్ చెయ్యనా? ఆ. బయట కూర్చోబెట్టాను, ఫోన్ చేశాను. నాన్న అవతలనుంచి ఏడుస్తూ నవ్వుతూ ఏదేదో అన్నాడు. అమ్మ మాత్రం లాగడం ఆపలేదు. అన్నం పెడితే నోరు తెరవలేదు.

సాయంత్రం పిన్ని వచ్చింది. పిన్నిది కూడా చేపల వ్యాపారమే. వన్‌టౌన్‌లో అమ్మది ఒక సందు, పిన్నిది పక్క సందు. వచ్చీ రాగానే సంగతి పట్టేసింది.

"దానికి మొక్కుందే. వన్‌టౌన్‌లో చిన్న మరియమ్మ గుడి లేదూ? నువ్వు కాలేజీలో చేరినప్పుడు మొక్కుకుంది. నేను పక్కనే ఉన్నా."

"ఏం మొక్కింది పిన్నీ?"

"తీరేదాకా పైకి చెప్పకూడదుగా. నేనడగలా, అది చెప్పలా."

మా వాళ్ళలో అదొక పట్టింపు. మొక్కు నోరు దాటితే పని కాదంటారు. పని అయ్యాక చెల్లించకపోతే మాట తప్పినట్టేనంటారు. అమ్మ ఎవరికీ మాట తప్పిన మనిషి కాదు. ఇప్పుడు ఏం ఇస్తానందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అమ్మ, ఇంకొకరు మరియమ్మ.

మర్నాడు పొద్దున్నే పిన్ని సంచీతో దిగింది. కొవ్వొత్తుల ప్యాకెట్టు, కొబ్బరికాయ, మల్లెపూలు. అక్కడి విగ్రహానికి చీర కడతారని ఒక మంగళగిరి చీర కూడా. "ఇన్నిట్లో ఏదో ఒకటి తగలకపోద్దా?" అంటూ నా జడ వైపు చూసింది. "నీ తలనీలాలు మొక్కిందేమోనే."

"పిన్నీ! నాకు కాన్వొకేషన్ ఉంది."

"గుండు మీద ఆ టోపీ ఇంకా బాగా కూచుంటదిలే."

భయంభయంగా అడిగాను. "అమ్మా, నా జుట్టు మొక్కావా?"

"ఆ."

"లేకపోతే నీ జుట్టా?"

"ఆ."

"ఇంకాసేపు అడిగితే నాది కూడా అంటదేమో, పదండి" అంది పిన్ని.

స్టీలు సామాన్ల కొట్లకీ ఒక గోడౌనుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ గుడి. తెల్లదొరల కాలంలో కట్టిన చర్చి అంటారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో, ఇప్పుడు గేటు దాటి మెట్లు దిగితేగానీ తలుపు రాదు. పెంకుల కప్పు. గుమ్మం పైన రాతిలో చెక్కిన అక్షరాలు సున్నపు పూతల కింద పూడిపోయాయి. లోపల నాలుగు వరసల నల్లటి బెంచీలు. ఎదురుగా నీలం చీరలో మరియమ్మ. అంతే గుడి.

నేనొక పక్క, పిన్నొక పక్క అమ్మని పట్టుకుని దించాం. గుమ్మం దగ్గర అమ్మ ఎడమకాలు బిగబట్టేసింది. "ఆ! ఆ!" అంది. అడుగు పడటం లేదనుకున్నాం. ఇద్దరం కలిసి ఎత్తి తీసుకెళ్ళి ముందు బెంచీ మీద కూర్చోబెట్టాం. అమ్మ మొహం వెనక్కి తిప్పేసుకుని, తలుపు వైపు చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. కొవ్వొత్తి చూపించాను, చూడలేదు. చీర చూపించాను, చూడలేదు. పిన్ని కొబ్బరికాయ ఎత్తేసరికి పక్క గదిలోంచి ఫాదర్ గారు గబగబా వచ్చారు.

"ఇక్కడ కొట్టకూడదమ్మా. ఏం మొక్కుకున్నారు?"

"తెలియదండీ. మొక్కింది మా అమ్మ. తను చెప్పలేదు."

ఆయన అమ్మ తల మీద చెయ్యి పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నారు. "తల్లికి అన్నీ తెలుసమ్మా. మీరేది ఇచ్చినా తీసుకుంటుంది."

"ఆవిడ తీసుకుంటదండీ, కాదన్ను," అంది పిన్ని. "ఇది ఊరుకోవద్దూ?"

అమ్మ నడుం వంచి, ఎడమచేత్తో బెంచీ పట్టుకుని కిందికి జారబోయింది. అప్పుడు పిన్ని నెత్తి మీద కొట్టుకుంది.

"నా మతి మండా! ఇదెప్పుడు లోపలికొచ్చిందే? నీసు బేసిన్‌తో వస్తాం, ఒళ్ళంతా వాసన. గేటు దగ్గరే దించుకుని, దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళం."

"రావద్దనేవాళ్ళా?"

"ఎవరూ అన్లేదు. మేమే రాలేదు."

అమ్మని మళ్ళీ ఎత్తుకుని మెట్లెక్కించాం. గేటు పక్కన నిలబెట్టగానే ఏడుపు ఆగింది. అక్కణ్ణుంచి చూస్తే తలుపుల మధ్యలో మరియమ్మ ఒక్కతే కనిపిస్తుంది, బెంచీలు కనపడవు. నేను కాలేజీలో చేరినప్పటి నుంచి తను పడిపోయేదాకా అమ్మ చూసింది ఇంతేనన్నమాట. ఎడమచెయ్యి ఒక్కటే గుండె దగ్గరికి తెచ్చి దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే నా వీపు మీద తోసింది.

"నన్ను వెళ్ళమంటావా?"

"ఆ."

వెళ్ళాను. కొవ్వొత్తి వెలిగించాను. చీర పాదాల దగ్గర పెట్టాను. ఎలా మొక్కాలో తెలియలేదు. బస్సులో ఆవిడతో అన్నట్టే, "డిగ్రీ పాసయ్యానండీ" అన్నాను. బయటికి వచ్చాక అడిగాను.

"ఇదేనా అమ్మా నువ్వు మొక్కింది?"

"ఆ."

"ఇంకేమన్నా ఉందా?"

"ఆ."

పిన్ని నా జడ వైపు చూసి, ఆటో పిలిచింది.

ఇంటికి వచ్చాక జామకాయ గుర్తొచ్చింది. బాగా పండి మెత్తబడింది. గింజలు తీసేసి చెంచాతో గీకి పెట్టాను. నిన్నటి నుంచి ఏమీ ముట్టని మనిషి నోరు తెరిచింది. సగం తింది.

"మొక్కు తీరినట్టేనా అమ్మా?"

"ఆ."

"తీరలేదా?"

"ఆ."

ఎడమచెయ్యి నా మణికట్టు మీదే ఉంది. లాగడం లేదు. వదలడమూ లేదు. రెండో చేత్తో మిగతా సగం గీకడం మొదలుపెట్టాను.