నవ్వని గది

వరంగల్‌లో నేను సైన్సు టీచరుగా చేరిన బడికి స్టాఫ్‌రూము ఒక్కటే. మధ్యలో పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు. చదువులు ఉర్దూ నుంచి తెలుగులోకి మారిన తొలిరోజులవి. సగం మందికి తెలుగులో పాఠం కొత్త, మిగతా సగానికి ఊరు కొత్త.

లెక్కల సారు నైజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. పిల్లలకు తెలుగులోనే చెప్పేవాడు కానీ, తొందరలో గుణకారం 'జరబ్' అయ్యేది, భాగహారం 'తక్సీమ్' అయ్యేది. ఒకనాడు స్టాఫ్‌రూములో అలాంటి మాట దొర్లగానే, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన తెలుగు పండితుడు పకపకా నవ్వాడు. "మాస్టారూ, మీ పిల్లలకి తెలుగు నేను చెప్పాలి, మీ తెలుగుని తుడిచే పని కూడా నాదేనా!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు.

 మర్నాటి నుంచి లెక్కల సారు ఖాళీ క్లాసులోనే కూర్చుని అన్నం తినేవాడు. చిత్రమేమిటంటే, ఆ తరువాత మిగిలినవాళ్లం కూడా నోళ్లు కట్టేసుకున్నాం. ఎవరికి ఏది తెలియకపోయినా అడగడం మానేశాం. బడిలో అందరికంటే చిన్నదాన్ని నేను. మాట్లాడే ముందు వాక్యాన్ని లోపల రెండుసార్లు చదువుకునేదాన్ని.

ఆ వానాకాలంలో కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. కాజీపేట నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. వారంలోనే ఆయనకు గది సంగతి తెలిసిపోయింది. శనివారం బడి విడిచాక అందరినీ కూర్చోబెట్టాడు. ఎవరిని మందలిస్తాడోనని బిక్కుబిక్కుమంటున్నాం.

"నేను సుత ఉర్దూలనే చదివిన," అన్నాడాయన. "పైనుంచి ఉత్తర్వు వచ్చిందంటే, ఉత్తరం అనుకొని కుశల ప్రశ్నలతోని జవాబు రాసి పంపిన. మా పై అధికారి ఇప్పటికీ నా ముఖం చూస్తే నవ్వుతడు."

ముందు ఆయనే నవ్వాడు. తరువాత మేమూ నవ్వాం.

"నాకు రానిది నేను చెప్పిన. ఇగ మీ వంతు. చెప్పుకుంటే ఇక్కడ ఎవరి నౌకరీ పోదు."

 అందరికంటే ముందు నేనే లేచాను. "సాంద్రత పాఠం పిల్లలకు బట్టీ పట్టిచ్చిన సార్. అదేందో చూపియ్యమంటే నాకు తెల్వది."

మూలనుంచి ఒక గొంతు వినిపించింది. లెక్కల సారు. "మీ నాయనది దుకాణమే గద బిడ్డా? తక్కెడ తీస్కరా. ఒకే గిన్నెతోని ఒకసారి నూనె, ఒకసారి నీళ్లు తూచు. ఏది ఎక్కువ బరువో పిల్లలే చెప్తరు. నూనె నీళ్ల మీద ఎందుకు తేల్తదో అప్పుడు అడుగు."

చాలా రోజులకు ఆయన గొంతు విన్నాం. పండితుడు తల వంచుకుని కూర్చున్నాడు. అలాగే మెల్లగా అన్నాడు: "పిల్లల తల్లులు వచ్చి మాట్లాడితే నాకు సగం అర్థం కాదండీ. మళ్లీ అడిగితే నవ్వుతారని తలూపేస్తున్నాను. మొన్నొకావిడ పిల్లని దవాఖానకి తోల్కపోయినం అంటే, ఎద్దుల్ని తోలినట్టు తోలారా అనుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లెక్కల సారు ఆయనవైపు తిరిగాడు.

"నవ్వుతరని మీకు భయమైంది. మరి మీరు నన్ను జూసి అందరి ముందట నవ్విన్రు. ఇంటికి పోయి అన్నం తినలేదు నేను. మంచిగ చెప్తే నేర్చుకోనా?"

పండితుడి ముఖం ఎర్రబడింది. "తప్పయింది మాస్టారూ," అన్నాడు.  అయినా లెక్కల సారు వెంటనే కరిగిపోలేదు. సోమవారం కూడా ఖాళీ క్లాసులోనే తిన్నాడు. పండితుడే తన టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్లాడు. "తోల్కపోవడం అంటే తీసుకెళ్లడమేనా?" అని అడిగాడట. "ఔ. మరి కసర్‌ను మీరేమంటరు?" అని లెక్కల సారు అడిగాడట. భిన్నం అని చెప్పాడట ఆయన. వారం తిరిగేసరికి ఇద్దరూ కలిసి బల్ల దగ్గరికొచ్చారు.

శనివారపు కూర్చోవడం మాకు అలవాటైంది. ఎవరైనా ఇంకొకరి తెలియనితనాన్ని చూసి నవ్వితే అందరికీ చాయ్ తాపాలని హెడ్మాస్టరు షరతు పెట్టాడు. మొదటి చాయ్ ఆయనే తాపాడు.

ఏళ్లు గడిచాయి. అరవైల చివర్లో తెలంగాణ, ఆంధ్ర అని ప్రాంతాల పేరు మీద ఊళ్లో మాటలు వేడెక్కాయి. మా గదిలోకీ ఆ వేడి వచ్చింది. ఒక మధ్యాహ్నం పండితుడూ లెక్కల సారూ గట్టిగట్టిగా వాదించుకుంటున్నారు. ఒకరు చెప్పడం అయ్యేదాకా రెండోవారు ఆగుతున్నారు, ఆగి మళ్లీ అందుకుంటున్నారు. కొత్తగా చేరిన టీచరమ్మ గుమ్మంలోనే బెదిరి నిలబడింది.

"అక్కా, పెద్దసారును పిలుద్దునా? కొట్టుకునేటట్టున్నరు," అంది నా చెవిలో.

"ఏం గాదు, కూసో," అన్నాను, పక్క కుర్చీ జరిపి. "వాళ్లు మాట్లాడుకుంటున్నరు."