మా మామగారి చెయ్యి లేటు

కుదరబోయే పెళ్ళిని చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. తాగొచ్చు, పేకాడొచ్చు, అప్పులు చెయ్యొచ్చు. నేను మాత్రం ఇవేవీ ముట్టకుండా, బుద్ధిగా ఇంట్లో కూర్చుని, ఒక్క ఎలక్ట్రిక్ గిటారుతో ఆ పని దాదాపు పూర్తి చేశాను. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా ఆవిడ ఎలాగూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతూనే ఉంది.

అప్పట్లో నేను నరసరావుపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాణ్ణి. డోలక్ దేవదానం మామయ్యది. ఆయన నడికుడిలో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరై పేటలో ఇల్లు కట్టుకున్నాడు. "నా సర్వీసులో బళ్ళు లేటయినయ్యి గానీ నేను కాలేదబ్బాయ్" అనేది ఆయన చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప. ఆయన కూతురు మెర్సీ మా క్వయర్‌లో పాడేది. ఆ పిల్లని నాకు అడుగుదామని మా అమ్మ మాట కదిపితే, "క్రిస్మస్ పోనీ అక్కా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు మామయ్య. అంటే, క్రిస్మస్ దాకా నేను ఏ వెధవ పనీ చెయ్యకుండా ఉంటే చాలు. అంత చిన్న పని కూడా నా వల్ల కాలేదు.

ఆ ఏడు పాస్టరుగారు కొత్త క్రిస్మస్ పాట రాశారు. అది యూట్యూబులో పెట్టాలని సంఘం కోరిక. "స్టూడియో ఎందుకండీ, మా ఇంట్లో నేనే రికార్డు చేస్తా" అన్నాను. మెర్సీ అటువైపే కూర్చుని ఉందని వేరే చెప్పక్కర్లేదు కదా!

మామయ్య డోలక్, మెర్సీ పాట ఒక్క పూటలో అయిపోయాయి. ఇక నా గిటారు. దాని వైరు ఓ చిన్న పెట్టెకి, ఆ పెట్టె లాప్‌టాప్‌కి తగిలించాను. లాప్‌టాప్‌లో యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషెత్తు యాంప్లిఫయర్ల మోతంతా అందులోనే పుడుతుంది, హెడ్‌ఫోన్లో వింటూ వాయించుకోవచ్చు. అంతా బాగుంది గానీ, మధ్యమధ్య చిటపటమని చప్పుడు. సెట్టింగుల్లో వెతికితే 'బఫర్' అని ఒకటి కనిపించింది. కొంచెం పెంచాను, చప్పుడు తగ్గింది. పల్నాడులో పుట్టినవాడు కొంచెంతో ఆగుతాడా? కూరలో కారం వేసినట్టు వేసేశాను, చివరిదాకా.

చిటపట పోయింది. కానీ తీగ ఇప్పుడు మీటితే, మోత దారిలో టీ తాగి తీరిగ్గా వచ్చేది. దాన్ని లేటెన్సీ అంటారని, మోతని కాసేపు పోగేసి వదిలే ఆ బఫర్ పెంచినకొద్దీ అది పెరుగుతుందని ఈ రోజు పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. ఆలస్యం అమృతం విషం అని మాత్రమే తెలిసిన నేను ఏం చేశానో తెలుసా? మోత ఆలస్యంగా వస్తోంది కాబట్టి, దెబ్బే ముందుగా కొట్టడం మొదలుపెట్టాను! స్కూలు నుంచి రాగానే గిటారు పట్టుకుని అదే సాధన. చివరికి చెయ్యి ఎంత ముందు పడాలో అంత ముందు పడి, హెడ్‌ఫోన్లో మోత డోలక్‌తో అతికినట్టు వినిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రికార్డయింది తిప్పి విన్నాను. గిటారు ముందు, డోలక్ వెనక. మళ్ళీ వాయించాను. మళ్ళీ అంతే. హెడ్‌ఫోన్లో వాయించేటప్పుడు కలిసిందిగా? మరి తప్పెవరిది? ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. నేను ఇంకో మెట్టెక్కి, మద్దెల వాయించేవాడే ఓడని తేల్చి, ఫోన్ చేశాను.

"మామయ్యా, ఏమనుకోవద్దు. మీ చెయ్యి కొంచెం లేటవుతోంది."

"ఏందీ?"

"లేటు మామయ్యా. వయసు కదా..."

ఆ 'వయసు కదా' అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

పాపం, ఆయన వచ్చి మళ్ళీ వాయించాడు. నేను మళ్ళీ నా ముందు దెబ్బలు కొట్టి వినిపించాను. ఆయన హెడ్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "నిజమేరా అబ్బాయ్, వెనకబడతన్నట్టే ఉంది" అని మెల్లగా అన్నాడు. మర్నాడు నరాల డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆ తర్వాత రోజూ చేతికి నువ్వుల నూనె మర్దనా. డోలక్ మీద దుప్పటి కప్పేశాడని మా అమ్మ చెప్పింది. పెళ్ళి మాటల మీద కూడా ఏదో కప్పినట్టే ఉంది, ఆ ఇంటి నుంచి ఫోన్లు రావడం మానేశాయి.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం ఆ పాట చర్చిలో పాడారు. మామయ్య డోలక్ ముట్టకుండా జనంలో కూర్చున్నాడు. నేను చర్చి యాంప్లిఫయర్‌కి వైరు తగిలించి మొదలుపెట్టాను. అక్కడ లాప్‌టాప్ లేదు, ఆలస్యమూ లేదు. నా చెయ్యి మాత్రం నేర్చిన విద్య మానలేదు. మొదట మెర్సీ లేటనిపించింది. తర్వాత క్వయర్ లేటనిపించింది. చరణానికొచ్చేసరికి చప్పట్లు కొడుతున్న సంఘమంతా లేటే! 'ఊరందరికీ ఒకేసారి నరాల జబ్బా?' అని నేను జాలిపడుతుండగా, పాస్టరుగారు చెయ్యెత్తి పాట ఆపారు.

"ఎక్కడికయ్యా సుధీరూ, అంత తొందరగా పోతన్నావు? మమ్మల్ని కూడా తీసకపో."

చర్చంతా నవ్వింది. మామయ్య నవ్వలేదు. తన చేతివంక చూసుకున్నాడు, నా వంక చూశాడు.

మెర్సీ వాళ్ళమ్మని వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే మా ఇంటికొచ్చింది. హెడ్‌ఫోన్ తనే పెట్టుకుంది.

"ఏదీ, మీటు."

మీటాను.

"చెయ్యి ఆడింది ముందు, చప్పుడొచ్చింది తర్వాత. ఇదేంది?"

"అందుకేగా నేను ముందే కొట్టేది!" అన్నాను గర్వంగా.

ఆ పిల్ల నన్ను చూసిన చూపు చూడాలి మీరు! "నీ తెలివి కాసేపు గూట్లో పెట్టు. హెడ్‌ఫోన్లో గిటారు ఎట్టా వినబడినా పట్టించుకోకుండా, డోలక్‌తో పాటే కొట్టు" అంది. కొట్టాను. తిప్పి వింటే గిటారూ డోలకూ ఒక్కచోట పడ్డాయి. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. లాప్‌టాప్ తన ఆలస్యాన్ని రికార్డులో తనే సర్దుకుంటోంది. దాని మీద నేను కూడా సర్దాను. అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే కూరలో ఉప్పేసినట్టయింది.

"మా నాన్న చెయ్యి బానే ఉందన్నమాట" అంది మెర్సీ. ఆ మాట అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది.

వెంటనే వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "మామయ్యా, మీ చెయ్యి లేటు కాదు. నా బుర్ర లేటు."

ఆయన నూనె చేతిని తుండుతో తుడుచుకుంటూ, "అయితే డాక్టరు ఇచ్చిన మాత్రలు నువ్వు మింగు" అన్నాడు. అని డోలక్ మీది దుప్పటి తీశాడు. ఆ దుప్పటి తీసిన చప్పుడే నాకు సంబంధం ఖాయమైన చప్పుడు.

పెళ్ళి అదే చర్చిలో. "ఈమెను నీ భార్యగా..." అని పాస్టరుగారు అంటుండగానే, "అంగీకరిస్తున్నాను!" అనేశాను. అలవాటు మరి, ముందు దెబ్బ. మామయ్య తలపట్టుకున్నాడు.

తర్వాత మెర్సీని అడిగారు. ఆమె పలకలేదు. ముసుగులోంచి నేల చూస్తూ నిలబడింది. ఎవరో దగ్గారు. నా చొక్కా తడిసిపోయింది. మా అమ్మ బెంచీలోంచి సగం లేచింది. అప్పుడు, తీరిగ్గా, "అంగీకరిస్తున్నాను" అని, నాకొక్కడికే వినబడేలా అంది:

"ఎట్టా ఉందయ్యా లేటంటే?"

అందుచేత పాఠక మహాశయులారా, మీ సాక్షిగా, గిటారు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై లోకమంతా లేటుగా కనిపించిన రోజున ముందు నా బఫర్ తగ్గించుకుంటాను. మా మామగారి చేతి గురించి కలలో కూడా మాటెత్తను. ఇక మా ఆవిడ విషయమంటారా, ఆమె ఎంత లేటైనా సరే, అదే సరైన టైము.