ఫోర్కులో రెండో సీలు

మా అక్క మొగుడు ఉక్కు ప్లాంటులో ఇరవై ఏళ్ళు చేసి, ముందుగానే రిటైరై, తొంభైల మధ్యలో దుర్గ్ దగ్గరి హథ్‌ఖోజ్‌లో పౌడర్ కోటింగ్ షెడ్డు పెట్టాడు. సామాను మీద రంగు పొడి చల్లి, ఓవెన్లో రెండు వందల డిగ్రీల దగ్గర కాలిస్తే రంగు అంటుకుపోతుంది. పని అంతే. బావ మాటలు వింటే మాత్రం ఆ రేకు డబ్బా కూడా బ్లాస్ట్ ఫర్నేసే. కరిగిన ఇనుము చూసినవాణ్ణి, ఇదొక లెక్కా అనేవాడు. నిజానికి ఆ ఇరవై ఏళ్ళూ ఆయన కూర్చున్నది స్టోర్స్ కౌంటర్లో.

మోటార్‌సైకిళ్ళ ముందు ఫోర్కుల్లోంచి సీళ్ళు తీయడం నా పని. ఫోర్కు కింది గొట్టంలో, నూనె బయటికి కారకుండా, రబ్బరు చుట్టిన ఇనుప వలయం బిగించి ఉంటుంది. దాన్ని తీయకుండా ఓవెన్లో పెడితే రబ్బరు కాలి, అడుగున మిగిలిన నూనె పొంగి, రంగంతా బుడగలు కడుతుంది. తీయడానికి ఓపిక కావాలి. ముందు తీగ క్లిప్పు ఊడదీసి, గొట్టం అంచుకి చెక్కముక్క ఆనించి, కొంచెం ఇటూ కొంచెం అటూ లేపాలి. బావ అయితే పెద్ద స్క్రూడ్రైవరు దూర్చి ఒక్క పెకలింపు పెకలించేవాడు. చేతిలో సుత్తి ఉంటే తను ఇంజనీరేనని ఆయన నమ్మకం.

ప్లాంటు నుంచి ఆయన తెచ్చుకున్న విద్య ఒక్కటే. అక్కడ షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు గట్టిగా "ఓకే" అంటే ఎక్కేవాడూ "ఓకే" అనాలట. ఆ తరువాత చిన్నవాడు మళ్ళీ చూస్తే పెద్దవాణ్ణి అవమానించినట్టట. మా షెడ్డులో ఉన్నది ఇద్దరం. అయినా సరుకు చేయి మారినప్పుడల్లా ఈ తంతు జరగాల్సిందే. చూస్తే నాకు వెగటు పుట్టేది.

ఒక చలికాలం శనివారం పొద్దున, నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసే ఒక పెద్దాయన తన బండి ఫోర్కులు తెచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆ మోడలు ఎప్పుడో ఆగిపోయింది, దుర్గ్‌లో గానీ రాయపూర్‌లో గానీ విడిభాగాలు దొరకవు. భార్యకి కాలి మీద పుండు మానడం లేదనీ, వారానికి రెండుసార్లు ఆ బండి మీదే ఆసుపత్రికి తేవాలనీ, సోమవారానికి బండి నడవాలనీ చెప్పాడు. అయ్యేదాకా ఉంటానని బెంచీ మీద కూర్చున్నాడు.

నేను సీళ్ళు తీయబోతే బావ గొట్టాలు లాక్కున్నాడు. ప్లాంటు పరీక్షే పాస్ కాలేనివాడు, వీడి చేతికిస్తే సాయంత్రమవుతుంది అని పెద్దాయనతో చెప్పి నవ్వాడు. రెండుసార్లు తప్పిన మాట నిజమే. అది పరాయి మనిషి ముందు చెప్పాలా? ఒళ్ళు మండింది. బావ ఐదు నిమిషాల్లో రెండు సీళ్ళు నేల మీద పారేసి, గొట్టాలు నా చేతిలో పెట్టి "ఓకే" అన్నాడు. అలవాటు కొద్దీ లోపల వేలు పెట్టాను. మెత్తగా తగిలింది. ఆ మోడల్లో సీలు కింద ఇంకో సీలు ఉంటుంది.

"ఓకే అన్నాక మళ్ళీ యేలెడతావేటి?" అన్నాడు బావ.

నేనూ "ఓకే" అన్నాను. ఈ స్టోర్స్ మహారాజు పరువు ఇవాళ సాక్షి ముందే పోవాలి అనుకున్నాను. పాత రంగు పోయేలా గాలితో ఇసుక కొట్టి, పొడి చల్లి, ఓవెన్లో కొక్కేలకి తగిలించాను. ప్రాణం హాయిగా ఉంది.

పావుగంటలో నల్లటి పొగ, రబ్బరు కంపు. తీసి చూస్తే గొట్టాల నిండా బుడగలు. రంగు గీకి మళ్ళీ వేయొచ్చు. నేను అంతవరకే లెక్కేసుకున్నాను. బావ ఉక్రోషంతో, చల్లారనివ్వకుండానే, స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టాడు. ఒక గొట్టం అంచు చిట్లిపోయింది. సీలు పట్టే చోటు పోయాక ఆ గొట్టం దేనికీ పనికిరాదు. ఆ బండి తయారుచేసినవాణ్ణీ నన్నూ కలిపి తిట్టాడు.

పెద్దాయన బావ వైపు చూడనే లేదు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు యేలెట్టి సూసినావు తమ్ముడూ. నీకు తెలిసింది. మరి సెప్పనేదేటి?"

ఫోర్కులు గోనెసంచిలో చుట్టుకుని, సోమవారం ఆవిడని టెంపోలో ఎలా కూర్చోబెట్టాలో తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయాడు. బావ చేతకానివాడని ఇవాళ్టికీ అంటాను. కానీ రెండో సీలు సంగతి ఆయనకి తెలియదు. నాకు తెలుసు, తెలిసే ఓవెన్ తలుపు మూశాను.