దివికేగిన దుబాసీ

ఒకేసారి రెండు నవలలు చదవకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. బందరు నుంచి గుడివాడకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాణ్ణి. వెళ్ళేటప్పుడు చారిత్రక నవల, వచ్చేటప్పుడు అపరాధ పరిశోధన. పొద్దున పెడన దాటేసరికి డచ్చివాళ్ళ ఓడ మా రేవులో లంగరు వేసేది. సాయంత్రం అదే పెడన దగ్గర ఎవరో ఒకరు శవమై తేలేవారు. నేను చదువరినే గానీ తెలివరిని కాను. వారం తిరిగేసరికి ఓడలో ఎవర్ని చూసినా అనుమానం, హంతకుణ్ణి చూస్తే గౌరవం మొదలయ్యాయి.

ఈ తికమక నా ఒక్కడితోనే ఆగిపోయేది. కానీ అప్పుడే నాగాయలంకలో మా అక్కకు కంటి ఆపరేషన్ అయింది. నలభై రోజులు అక్షరం చూడొద్దనీ, కంట్లో నీళ్ళు పడకూడదనీ డాక్టరుగారు చెప్పారట. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పిందే ఆమె. అందుకని చారిత్రక నవలలో ఆ రోజు చదివింది రోజూ సాయంత్రం ఫోన్లో చెప్పేవాణ్ణి. ఆమెకు ఉన్న కాలక్షేపం అదొక్కటే.

ఆ నవలలో ఒక దుబాసీ ఉన్నాడు. డచ్చివాళ్ళ మాట మన నేతగాళ్ళకీ, నేతగాళ్ళ మాట డచ్చివాళ్ళకీ చెప్పే మనిషి. రెండువైపుల తిట్లూ తనే తిని, రెండువైపులా మర్యాదగా మార్చి చెబుతాడు. అక్కకు తెగ నచ్చాడు. పుస్తకం సగానికొచ్చాక ఒక అధ్యాయం ఇలా ముగిసింది: "ఆ వేకువజామున దుబాసీ దివికేగాడు."

"అక్కా, మీ దివికే వచ్చాడు," అన్నాను.

"మా దివికా? ఏ ఊరికిరా?"

"అది రాయలేదు. పడవ మీద వచ్చుంటాడు."

మా వైపు దివి అంటే కృష్ణ సముద్రంలో కలిసేచోట, అక్క వాళ్ళ ఊరున్న దివిసీమే. ఇంకో అర్థం ఉంటుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

తరువాతి అధ్యాయంలో దుబాసీ భార్య గుండెలు బాదుకుని ఏడ్చింది. సాయంత్రం నవలలో మొగుణ్ణి చంపిన ఒకావిడ సరిగ్గా అలాగే ఏడ్చి పోలీసుల్ని నమ్మించింది కాబట్టి, ఈవిణ్ణి నేను నమ్మలేదు.

"నటిస్తోందక్కా. ఆయన ఎక్కడున్నాడో ఈవిడకి తెలుసు."

పదకొండో రోజున బంధువులంతా వచ్చి భోంచేసి వెళ్ళారు. అదీ ఏదో కుట్రే అనుకున్నాను.

మూడు వారాలు ఆయన మళ్ళీ కథలోకి వస్తాడని ఎదురుచూశాం. "హంసలదీవి మడ అడవుల్లో దాక్కుని ఉంటాడ్రా," అనేది అక్క. "అక్కడికైతే దోమలు తప్ప ఎవరూ రారు."

పుస్తకం చివర్లో, రైలు కౌతారంలో ఆగి ఉండగా, ఈ వాక్యం తగిలింది: "దివంగతుడైన తండ్రి స్థానంలో కొడుకు దుబాసీ అయ్యాడు."

దివంగతుడు. దివికి గతుడు. పేజీలు వెనక్కి తిప్పాను. ఏడుపు ఏడుపే, భోజనం దినం భోజనమే. ఈ లెక్కన దివిసీమకు వెళ్ళే అవనిగడ్డ బస్సు కండక్టరు రోజుకు ఎంతమందిని స్వర్గానికి చేరుస్తున్నాడో అనుకుని నవ్వుకున్నాను. అంతలో అక్క గుర్తొచ్చింది. తన ఊరి మనిషిలా చూసుకుంటున్నవాణ్ణి ఫోన్లో ఎలా చంపడం? కంట్లో పడకూడని నీళ్ళు బయటివో లోపలివో డాక్టరుగారు చెప్పలేదు.

రెండు రోజులు అక్కకు ఫోను చేయలేదు. ఆదివారం పుస్తకం పట్టుకుని నేనే వెళ్ళాను. అక్క నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది.

"వచ్చాడా?" అంది, నా గురించి కాదు, దుబాసీ గురించి.

"అక్కా, దివికేగాడంటే... చనిపోయాడని అర్థమట."

"ఎవరన్నారు?"

"పుస్తకమే."

అద్దాల వెనక ఏం జరుగుతోందో కనిపించలేదు. వాటిని సరిచేసుకుని అంది: "నేను పెళ్ళై దివికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నేను చచ్చిపోయానా?"

"లేదక్కా."

"మరి ఆయనొక్కడూ ఎందుకు పోతాడు? నువ్వు సరిగ్గా చదివుండవు. చిన్నప్పుడూ అంతే, కళ్ళు అక్షరాల మీద, బుర్ర జంతికల డబ్బా మీద."

రెండూ నిజమే.

"ఈ అద్దాలు ఇంకెన్నాళ్ళు?" అంది అక్క.

"పది రోజులు."

"పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు. పోయాడో లేదో నేను చదివి తేలుస్తా. అందాకా ఆయన్ని మడల్లోనే ఉండనీ. ఇవాళేం చేశాడో చెప్పు."

పుస్తకం అప్పటికే అయిపోయింది. ఒళ్ళోనే మూసి పెట్టుకున్నాను. ఇందులో ఏది చదివిందో, ఏది అల్లిందో నాకే తెలియకుండా పోతుందని భయం వేసింది.

"ఇవాళ రొయ్యలు పట్టాడు," అన్నాను.

"చింతచిగురు వేసి వండాడా?"

"వేశాడక్కా."

"మావాడే," అంది.